‘టెంక’ పాటలు పాడిన నన్ను ప్రభువు పట్టుకున్న విధం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నా గొంతు బొంగురుగా ఉండాదని ఏమీ అనుకోవద్దండి, మైకు దగ్గరగా పెట్టుకొని మెల్లగా చెప్తాను, కొంచెం ఓపిక పట్టి వినండి. ఈ గొంతు పోయిన కాలం నుంచే మొదలుపెడతాను. అప్పుడు నేను బంగారుపాళ్యం పక్కన మా పల్లెలో నులక మంచం మీద పడుండేవాణ్ణి. దగ్గితే రక్తం పడేది. తిరుపతిలో డాక్టరమ్మ గొంతులోకి గొట్టం పెట్టి చూసి, "లోపలంతా చిరిగి పుండైపోయింది, ఇంక తాగితే మనిషివి మిగలవు" అని చెప్పి పంపించింది. అయినా నేను మానలేదు! లేస్తానే చేతులు వణికేవి, ఆ వణుకు ఆగాలంటే ఒక గుక్క పడాల, గుక్క పడితే గొంతు మండేది, ఆ మంట మరిచిపోవాలంటే మళ్ళా ఒక గుక్క. నా పేరు ఏసుపాదం. మా నాయన ఎంతో ప్రేమగా పెట్టిన పేరు అది, దాన్ని నేను బ్రాందీ అంగడి ముందర పారేసుకున్నాను.

నేను మొదటి నుంచీ అట్లాంటోణ్ణి కాదు సహోదరులారా. మా నాయన, మా అమ్మ ఇద్దరూ విశ్వాసులే. మామిడి సీజను వచ్చిందంటే ఇద్దరూ గుజ్జు ఫ్యాక్టరీకి కూలికి పోయేవాళ్ళు. మా అమ్మ కాయల తొక్క తీసే వరసలో నిలబడేది. మామిడి సొన తగిలి తగిలి ఆయమ్మ వేళ్ళు పుండ్లు పడి, వేడి సంగట్లో చెయ్యి పెట్టలేక స్పూనుతో తినేది. ఆ ఫ్యాక్టరీలో పులిసిన నీళ్ళు మా పల్లె కాలవలోకి వదిలేవాళ్ళు, అవి భూమిలోకి ఇంకి మా బాయి నీళ్ళు నురగొచ్చి కంపు కొట్టేవి. ఎవరడుగుతారు? అడిగినోళ్ళకు మర్నాడు పని ఉండదు. నాయన అడగలేక అట్లనే కన్ను మూసినాడు. ఆ కోపం చిన్నప్పటి నుంచి నా కడుపులో ఉండింది.

తిరుపతిలో ఇంజనీరింగు చదివేటప్పుడు గజేంద్ర పరిచయమైనాడు. కార్వేటినగరం పక్కన రైతుబిడ్డ, హిందువుల పిల్లోడు, గిటారంటే ప్రాణం వాడికి. ఒకరోజు మధ్యాన్నం హాస్టల్లో నా చెవులకు హెడ్‌ఫోను తగిలించి, "ఇది ఇను అప్పా" అన్నాడు. త్రాష్ మెటల్ అంటారంట ఆ సంగీతాన్ని. గిటార్లు రంపం కోసినట్టు, డ్రమ్ములు రేకుల మీద రాళ్ళు పడినట్టు, పాడేవాడు పాడడం లేదు, అరస్తా ఉండాడు! నాకు తల తిరిగింది. అప్పుడు గజేంద్ర ఆ మాటలకు అర్థం చెప్పినాడు. యుద్ధాలు చేయించి బాగుపడే పెద్దోళ్ళ మీద, పేదోళ్ళ భూములు లాక్కునే వాళ్ళ మీద, ఏటి నీళ్ళు విషం చేసే కంపెనీల మీద ఆ పాటలు. నేను లేచి కూర్చున్నాను. "ఇది మా బాయి కథ గదరా!" అన్నాను.

ఇంకో ఇద్దరు స్నేహితులు తోడైనారు. రేణిగుంట రోడ్డులో ఒక గది గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి, శబ్దం పడకూడదని ఫాను గూడా ఆపేసి, చెమటలో తడిసిపోతా ఒక ఆల్బమ్ చేసినాము. పేరు ‘టెంక’. గుజ్జంతా పిండుకొని పారేసేది టెంక, మా జనం బతుకూ అంతే అని ఆ పేరు పెట్టినాను. పాటలన్నీ నేనే రాసినాను, నేనే పాడినాను. డ్రైనేజీలోకి దిగి మళ్ళా పైకి రాని మనిషి మీద ఒక పాట, టీ హోటల్లో మా నాయనకు వేరేగా పెట్టిన గ్లాసు మీద ఒక పాట, కూలోళ్ళ కొంపలు తినే బ్రాందీ అంగడి మీద ఒక పాట, మా అమ్మ వేళ్ళ మీద ఒక పాట. "పండు మీది, పుండు మాది" అని దాని పల్లవి. ఆ పాటలు ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు పాకిపోయినాయి. వేలూరు, చెన్నై, బెంగుళూరు, యాడికి పోయినా పిల్లోళ్ళు తలలు ఊపుతా ఆ పల్లవి మాతో పాటు అరిచేవాళ్ళు. తెలుగులో త్రాష్ అంటే అదే క్లాసిక్ అని ఇప్పుడు గూడా చెప్పుకుంటారంట.

మా సంఘంలో పెద్దలు అది సైతాను సంగీతం అన్నారు. తప్పుగా అనుకోవద్దండి, ఆ మాట నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఆ పాటల్లో చెప్పిందంతా నిజమే. ప్రవక్తలు గూడా వీధుల్లో నిలబడి అరిచినోళ్ళే గదా! అరిచేవాడు ఎట్ల బతుకుతా ఉండాడన్నదే నా కథలో చెడిపోయింది. స్టేజీ ఎక్కే ముందర ఒక గుక్క వేస్తే గొంతు లేస్తాదని ఎవరో చెప్పినారు, నిజంగానే లేచింది. తర్వాత గుక్క లేకపోతే లేవలేదు. ఇంక కొన్నాళ్ళకు బ్రాందీ అంగడి పాట పాడేటప్పుడు చేతిలో సీసా పెట్టుకొనే పాడేవాణ్ణి, చూసేవాళ్ళు అది నటన అనుకొని చప్పట్లు కొట్టేవాళ్ళు. అయ్యో సహోదరులారా, అది నటన కాదు!

ఒకసారి ఇంటికి పోయినప్పుడు మా అమ్మ అడిగింది, "నా చేతుల మీద పాట కట్టినావంట గదా నాయనా, నాకూ ఒకసారి ఇనిపీ" అని. ఫోనులో పెట్టినాను. ఆయమ్మ కొంచెంసేపు విని బెదిరిపోయి, "ఇంత కోపమేందప్పా, నా మీదనా?" అన్నది.

"నీ మీద కాదమ్మా, ఫ్యాక్టరీ వాళ్ళ మీద."

"అయితే పోయి ఆళ్ళ ముందర చెప్పు నాయనా" అన్నది.

దేవుడు ఆ అవకాశం గూడా నాకు ఇచ్చినాడు. ఫ్యాక్టరీని ఇంకా పెద్దది చేస్తామని వాళ్ళు అడిగితే, జనం మాట వినడానికి అధికారులు మా స్కూలు మైదానానికి వచ్చినారు. మా పల్లె ఆడోళ్ళంతా మా ఇంటికి వచ్చి, "మాకు మాటలు రావు ఏసుపాదం, నువ్వే చెప్పాల" అని నా చేతులు పట్టుకున్నారు. చెప్తానన్నాను. గజేంద్ర గూడా నాకు ధైర్యంగా ఉండాలని వచ్చినాడు. నేనేం చేసినాను? ధైర్యానికని పొద్దున్నే తాగినాను! పేరు పిలిచినారు, లేచినాను, మైకు పట్టుకున్నాను, ఒక్క మాట రాలేదు. మాట రాకపోతే పాటన్నా వస్తాదని పల్లవి ఎత్తుకొని అరిచినాను, గొంతులో ఏదో తెగినట్టయి రక్తం వచ్చి అధికారుల ముందర పరిచిన తెల్ల గుడ్డ మీద పడింది, నేను కుర్చీల మీద కూలిపోయినాను. ఫ్యాక్టరీ మనిషొకడు నవ్వి, "ఈ తాగుబోతేనా మీ సాక్షి?" అన్నాడు. మాట్లాడదామని కొంగు బిగించుకొని వచ్చిన ఆడోళ్ళు తలలు దించుకొని కూర్చుండిపోయినారు. గజేంద్ర నన్ను భుజాన వేసుకొని మోసుకొని పోయినాడు. ఫ్యాక్టరీకి అనుమతి వచ్చింది. కొన్నాళ్ళకు మా బాయి మీద ఎర్ర రంగుతో ‘ఈ నీళ్ళు తాగరాదు’ అని రాసినారు.

అట్ల నేను మంచం పట్టినాను. ఒకరోజు తెల్లారి, గోడకు అవతల అమ్మ ప్రార్థన చేస్తా ఉండాది. రోజూ చేసేదే, ఆ రోజు మాత్రం ప్రతి మాటా నా చెవిలో పడింది.

"ప్రభువా, నా బిడ్డ పాట కోసం నిన్ను అడగడం లేదు. వాడి గొంతు తీసుకుంటే తీసుకో. పల్లె వాళ్ళు వాణ్ణి తిడతా ఉండారు, ఆ తిట్లు నేను పడతాను. వాడి కోపం నువ్విచ్చిందే నాయనా, అది మంచిదే. తాగుడు మాత్రం నువ్వియ్యలేదు, అది తీసెయ్. నాకు వాడు కావాల."

దేవునికి నా పాటలంటే కోపమని, నన్ను ఎప్పుడో విడిచిపెట్టేసినాడని అనుకుంటా బతికినవాణ్ణి నేను. నా కోపాన్ని గూడా ప్రభువు దగ్గర పెట్టి అది మంచిదేనని చెప్పింది మా అమ్మ! లేవబోయి కింద పడినాను, పాకతా పోయి, "అమ్మా, నా తల మీద చెయ్యి పెట్టి చెయ్యమ్మా" అన్నాను. ఆ వేళ్ళతో నా తల పట్టుకొని ఆయమ్మ ఏడిచింది, నేను ఏడిచినాను, యేసయ్యా నన్ను లేపు అని ఒక్క మాట మాత్రం అనగలిగినాను.

మా పాస్టరయ్యగారు, గజేంద్ర కలిసి నన్ను చిత్తూరులో ఆసుపత్రిలో చేర్చినారు. తాగుడు మానేసరికి వణుకు, చెమటలు, గోడల మీద పురుగులు పాకినట్టు కనపడేవి, నేను కేకలు వేస్తే ఇద్దరూ చెరొక పక్క పట్టుకొనేవాళ్ళు. అయ్యగారు అన్నానికి పోయినప్పుడు, నేను నిద్రపోతున్నాననుకొని గజేంద్ర మెల్లగా అన్న మాట విన్నాను: "ఏసుపాదం వాళ్ళ దేవుడా, నిన్ను ఎట్ల పిలవాల్నో నాకు తెలీదు, వీణ్ణి మాత్రం ఇడిసిపెట్టొద్దు సామీ." ఆ ప్రార్థన ప్రభువు వినలేదని ఎవరన్నా అంటే నేను నమ్మను! ఆసుపత్రి నుంచి పంపించినాక, బస్సు దిగి ఇంటికి పోయే దారిలోనే ఉండాది ఆ బ్రాందీ అంగడి. ఆశ పుట్టలేదని అబద్ధం చెప్పను, పుట్టింది, అయినా నా కాళ్ళు అటు తిరగలేదు, ఈ రోజు వరకూ తిరగలేదు. దేవునికే మహిమ!

గొంతు మాత్రం తిరిగి రాలేదు సహోదరులారా. ఎంతో అడిగినాను, ప్రభువు ఇయ్యలేదు. ఆరాధనలో మీరందరూ పాడేటప్పుడు నేను పెదాలు కదిలిస్తా నిలబడతాను. మా పల్లెలో ఇల్లిల్లూ తిరిగి క్షమించమని అడిగినాను, చాలామంది క్షమించినారు. మా ఎల్లమ్మవ్వ మాత్రం నా మొహం చూసి, "నువ్వు బాగుపడినావు, సంతోషం నాయనా. మా బాయి బాగుపడలేదే!" అన్నది. ప్రభువు నన్ను క్షమించినాడు, ఆ మాట మీద నాకు అనుమానం లేదు, అయినా పల్లెలోకి నీళ్ళ ట్యాంకరు వచ్చి ఆడోళ్ళు బిందెలతో పరిగెత్తేటప్పుడు నేను తలెత్తి చూడలేను. గొంతు ఉన్నప్పుడు నేను నిలబడుంటే ఎట్లుండేదో అని ప్రతి రోజూ అనుకుంటాను, ఆ దుఃఖంతోనే ఆయన పాదాల దగ్గర మోకరిస్తాను, ఆయన నన్ను తోసెయ్యలేదు. అందుకే కన్నీళ్ళతోనే ఆయనకు కృతజ్ఞతలు చెప్తాను.

ఈడ వెనకాల, తలుపు దగ్గర నిలబడినోళ్ళలో గూడా అట్లాంటి మంట ఉన్నోళ్ళు ఉంటారు. అన్యాయం చూసి రగిలిపోయి, ఏమీ చెయ్యలేక, దాన్ని గ్లాసులో ముంచుతా ఉంటారు. అప్పా, నీ కోపం చెడ్డది కాదు, దాన్ని యేసయ్య దగ్గరికి తీసుకరా, ఆయన దాన్ని చూసి భయపడడు. బాగుపడినాకే వస్తానని ఆగొద్దు, వాసన కొడతా ఉంటే ఆ వాసనతోనే రా. నడవలేకపోతే ఆడనే కూర్చో, చెయ్యి ఎత్తు చాలు, నేనే వచ్చి నీ పక్కన కూర్చుంటాను.