చూడొచ్చు, పంచకూడదు

మనవలు పుట్టాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఫిషింగ్ హార్బరు దగ్గర మా వీధిలో సాయంత్రం బడి ఉండేది. నేర్పే టీచరమ్మది గోదావరి జిల్లా, భర్తకు స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. పాత కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రామ్ పెట్టింది. మాట మీద నొక్కితే అది పలికేది. ఆ గొంతు మాకు రేడియో వార్తల్లా ఉండేది. అందుకని టీచరమ్మ ప్రోగ్రామ్‌ని కాస్త మార్చి వల, తెడ్డు, కవళ్ల చేపలు అంటూ మా మాటలు నా గొంతుతో ఎక్కించింది.

భీమిలిలో మా చెల్లికి బస్సు బోర్డు చదవడం కూడా రాదు. అక్కడా ఆడవాళ్లకు బడి పెట్టారని, మా పాఠాలు పంపమని ఫోన్ చేసింది.

"నీ గొంతైతే నాకు బెరుకుండదప్పా" అంది.

పంపేస్తామన్నాను. కానీ టీచరమ్మ ఆ ప్రోగ్రామ్ లైసెన్సు చదివి ఆగిపోయింది. దాన్ని చేసినవాళ్లు కోడ్ అందరికీ కనబడేలా పెట్టారు. మన బడికి తగ్గట్టు మార్చుకోనిచ్చారు. మార్చినదాన్ని ఇంకొకరికి ఇవ్వకూడదట.

"సూడనిచ్చినోళ్లు ఇవ్వనివ్వరేటి టీచరమ్మా?"

"కోడ్ కనబడుతోంది కదా, ఓపెన్ సోర్సే అనుకున్నానమ్మా. అదైతే పంచుకోవడానికీ హక్కుంటుంది. ఇది మన గుమ్మం దాటకూడదు."

"సెప్పకుండా ఇచ్చేద్దాం. ఎవులు సూత్తారు?"

"కష్టపడి చేసింది వాళ్లు. షరతు వాళ్లిష్టం."

చదవగలిగితే చాలు, అంతా మన చేతికొచ్చినట్టే అనుకునేదాన్ని. మా ఒడ్డున పెద్దవల లాగేటప్పుడు తాడు మీద చెయ్యి వేసినవాళ్లకు కూరకు చేపలు పెడతారు. వాటిని ఎవరింటికి పంపినా అడిగేవాళ్లుండరు.

టీచరమ్మ వెతికి, నిజంగా ఓపెన్ సోర్స్ లైసెన్సున్న ఇంకో ప్రోగ్రామ్ తెచ్చింది. అది నొక్కాక కాసేపాగి పలికేది. గొంతు నాదే కాబట్టి ఇందులోకి మార్చుకోవడానికి అడ్డులేదంది.

"మీ గొంతు కూడా ఇదే పద్ధతిలో ఇస్తారా?" అని అడిగింది.

ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. టీచరమ్మ పాఠాలు భీమిలి బడికి పంపింది.

కొన్నాళ్లకు భీమిలి వెళ్లాను. చెల్లి బస్టాండుకొచ్చి, నేను దిగిన బస్సు బోర్డు కూడబలుక్కుని చదివింది. బడికి తీసుకెళ్లి పాఠం పెట్టింది. వల అని నా గొంతు పలికింది. తెడ్డు దగ్గర గొంతు మారింది.

"ఇదెవులే?"

"నానే. నువ్వు మరీ మెల్లగా అన్నావు, అందరికీ నిద్దరొచ్చేత్తంది. మార్సేసినాను."

"నన్నడగొద్దేటి?"

"అడగక్కర్లేదని నువ్వే రాసిచ్చినావు కదప్పా."

మనసు కాస్త చివుక్కుమంది. ఇంకోసారి పెట్టమన్నాను. తెడ్డు అన్న మాట నాకంటే తనే బాగా పలికింది.