మూడో పాటకి లేచి ఆడాను

కథ లేని సినిమాలు చూడొద్దని తరగతిలో గట్టిగా చెప్పే తెలుగు మాస్టారిని నేను. ఓ ఆదివారం చోడవరంలో మ్యాట్నీకి ఒక్కడినే వెళ్లాను. కథ నిజంగానే లేదు. కానీ మూడో పాటలో ఆ రంగులకీ, డప్పులకీ ఒళ్లు తెలియక లేచి ఈల వేశాను, స్టెప్పులు కూడా వేశాను. కూర్చోగానే పక్క సీట్లోని రావికమతం రైతు ఒకాయన పలకరించాడు. ఆయన కూతురు నా విద్యార్థిని.

“మాస్టారూ, మా గుంట కూడా వస్తానని ఏడిసింది. మీరు తిడతారని ఇంటికాడే ఒగ్గేసి వచ్చేను.”

ఆ తర్వాత తెర వైపు చూడలేకపోయాను. మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి, నాన్నతో సినిమాకి వెళ్లమన్నాను.

“మీరు సూసేరేటి, మాస్టారూ?”

“లేదమ్మా, బాగుందని ఎవరో చెప్పారు.”

తల వంచుకుని నవ్వు ఆపుకుంది. వాళ్ల నాన్న అంతా చెప్పేశాడని అప్పుడర్థమైంది.