విరగని పిన్ను

1968 వేసవి. భావనపాడు ఒడ్డున ఇసుకలో వేసుకున్న తాటాకు పాకే మా వర్క్‌షాపు. చేపల పడవలకు ఇంజన్లు అమర్చి పరీక్షించే ఒక చిన్న సర్కారీ విభాగంలో నేను జూనియర్ ఇంజనీరుని. చేరి ఏడాది కాలేదు, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. ఇంజను నావకు కుదరాలి, నావ ఆ ఒడ్డుకు కుదరాలి. మా పని అంతా అదే. చెప్పినంత తేలిక కాదు.

రేవు ఉన్నచోట మరపడవలు అప్పటికే తిరుగుతున్నాయి. ఇక్కడ రేవు లేదు. నావను ఇసుక మీద నుంచి తోసి, విరిగే కెరటాల్ని దాటించాలి. తిరిగొచ్చేటప్పుడూ అంతే. అలాంటి నావకు అడుగున ప్రొపెల్లర్ బిగిస్తే మొదటి రోజే ఇసుకకు తగిలి ముక్కలవుతుంది. అందుకని పొలాలకు నీళ్లు తోడే కిరసనాయిలు ఇంజను ఒకటి తెచ్చి, నావ వెనక భాగంలో ఒక చెక్క దిమ్మ మీద అటూ ఇటూ తిరిగేలా బిగించాం. దానికో పొడవాటి షాఫ్టు, షాఫ్టు కొసన ప్రొపెల్లర్. ఇంజను దగ్గరి పిడిని కిందికి నొక్కితే ప్రొపెల్లర్ నీళ్లలోంచి పైకి లేస్తుంది.

ప్రొపెల్లర్‌ని షాఫ్టుకు పట్టి ఉంచేది ఒక చిన్న ఇత్తడి పిన్ను. షియర్ పిన్ అంటాం. ప్రొపెల్లర్ దేనికైనా గట్టిగా తగిలినప్పుడు అన్నిటికంటే ముందు ఆ పిన్ను తెగిపోవాలి. అప్పుడు షాఫ్టు ఉత్తినే తిరుగుతుంది, ఇంజనుకూ నావకూ దెబ్బ తగలదు.

నావ తండేలు పోలయ్య. తండేలంటే నావలో అందరికీ పెద్ద, దారి చెప్పేవాడు. నలభై ఐదేళ్ల మనిషి, మాట తక్కువ. మా ఇంజను సంగతి విని, ఊళ్లో అందరికంటే ముందు తన నావ ఇస్తానన్నది అతనే. కారణం ఒకరోజు తనే చెప్పాడు.

"మా తమ్ముడు, నాను తెప్పేసుకుని ఎల్నాం బాబూ. గాలి తిరిగిపోయి మమ్మల్ని లోనకి తోసీసినాది. తెడ్డేసి తెడ్డేసి సేతులు పడిపోనాయి. మూడో దినానికి ఆడు నా ఒళ్లోనే పోయాడు. ఒడ్డు కనిపిస్తానే ఉన్నాది. ఈ ఇంజనుంటే గంటలో వచ్చీవోళ్లం."

మొదటి వారంలో నాలుగుసార్లు పిన్ను తెగింది. నాలుగుసార్లూ ఒడ్డుకు వచ్చేటప్పుడే, కెరటాలు విరిగేచోట నీటి అడుగున ఉన్న ఇసుకమేట దగ్గరే; పిడి నొక్కేలోపే కెరటం నావను దాని మీదికి దించేసేది. ఇంజను ఊరికే రొద పెడుతుంటే పోలయ్య మనుషులు తెడ్లు అందుకుని నావను ఒడ్డుకు చేర్చేవారు. ఎవరికీ గీత కూడా పడలేదు. నేను మాత్రం ప్రతిసారీ 'వైఫల్యం' అని రాసుకునేవాణ్ణి. పై వారం మా పై అధికారి ట్రయల్ చూడడానికి వస్తున్నారు. ఆయన కళ్లముందు నావ తెడ్లతో ఒడ్డుకు రావడం నాకు తల కొట్టేసినట్టు అనిపించింది.

శ్రీకాకుళం వెళ్లి లేత్ షాపులో అదే కొలతకు ఉక్కు పిన్ను చేయించుకొచ్చాను. బిగిస్తుంటే పోలయ్య దాన్ని అరచేతిలో వేసుకుని చూశాడు.

"ఇది ఇరగదా బాబూ?"

"విరగదు."

"ఇది ఇరక్కపోతే మరింకేటి ఇరుగుతాది?"

"ఏదీ విరగదు పోలయ్యా. లెక్క కట్టే చేయించాను," అన్నాను. లెక్క కట్టలేదు.

అతను పిన్ను తిరిగి నా చేతిలో పెట్టి, "సదూకున్నోడివి, నీకు తెలస్తాది," అన్నాడు. అందులో ఎగతాళి లేదు. నిజంగానే నమ్మాడు.

అధికారి వచ్చిన రోజు నావ బాగా వెళ్లింది. తిరిగి వస్తూ రెండు కెరటాలు దాటింది. మూడో కెరటం దిగినప్పుడు ప్రొపెల్లర్ మేటలో గుచ్చుకుంది. పిన్ను తెగలేదు. ప్రొపెల్లర్ ఆగిపోయింది కానీ ఇంజను ఆగలేదు. ఆ ఊపుకు ఇంజనే తిరగబడి, దిమ్మ మేకులతో సహా ఊడి, పిడి పట్టుకుని కూర్చున్న పోలయ్య కాలి మీద పడింది. ఒడ్డున నిలబడ్డ నాకు అతని కేక వినబడింది. మోకాలు దిగువన ఎముక రెండుచోట్ల విరిగింది. మా జీపులోనే శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్లాం.

దారిలో అధికారి నాతో మెల్లగా అన్నారు. "తండేలు మేట మీదికి పోనిచ్చాడని రాయండి. పిన్ను సంగతి రిపోర్టులో వద్దు. మీ ఉద్యోగమూ నిలుస్తుంది, ట్రయలూ నిలుస్తుంది." ఆయన చెడ్డవాడు కాదు. ఆ విభాగాన్ని నిలబెట్టడానికి ఎన్నో ఏళ్లు తిరిగినవాడు.

రెండు రోజులు ఆ రిపోర్టు రాయలేకపోయాను. మూడో రోజు ఆసుపత్రికి వెళ్లాను. పోలయ్య కాలికి తొడదాకా పిండికట్టు వేశారు. పక్కన అతని భార్య ముత్యాలమ్మ కూర్చుని ఉంది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగే మనిషి, ఎవరికీ జంకదు.

"తప్పు తనదేనని అందరికీ సెప్తన్నాడు ఈడు," అంది నన్ను చూడగానే. "పదేళ్ల వొయసు నుంచి ఆ మేట మీంచి నావ తెస్తన్నోడికి ఇయ్యాల దారి తెలీకపోనాదేటి? నువ్వు సెప్పు బాబూ. ఏటయినాది?"

"పిన్ను మార్చాను. విరగాల్సిన పిన్ను విరగకుండా చేశాను. తప్పు నాది," అన్నాను.

పోలయ్య మంచం మీద నుంచి లేవబోయి, నొప్పికి ఆగిపోయాడు.

"ఎందుకలగ సెప్తావు? నీ తప్పని రాస్తే ఇంజను అట్టుకుపోతారు. మళ్లీ మాకు తెడ్లే గతి. నా కాలు పోతే పోనాది. నా తప్పనే రాసీ."

తమ్ముణ్ణి ఒళ్లోనే పోగొట్టుకున్న మనిషి అడుగుతున్నాడు. ఎలా కాదనడం? మంచం పట్టె మీద కూర్చున్నాను.

"పోలయ్యా, నీ తప్పని రాస్తే, రేపు ఇంకో ఒడ్డున ఇంకో ఇంజనీరు ఇలాంటి పిన్నే వేస్తాడు. అప్పుడు కాలు కాదు, ప్రాణమే పోవచ్చు."

అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "మరి నీ ఇష్టం," అన్నాడు.

ఉన్నదున్నట్టు రాశాను. పోలయ్య ముందే అడిగిన ప్రశ్న, దానికి నేను చెప్పిన అబద్ధం కూడా రాశాను. అధికారి అది చదివి నాతో వారం రోజులు మాట్లాడలేదు, కానీ ఒక్క అక్షరం మార్చకుండా పైకి పంపారు. ట్రయల్ ఆగిపోయింది. ఇంజను స్టోరుకు చేరింది. నా ప్రొబేషన్ ఇంకో ఏడాది పొడిగించారు. భావనపాడు వైపు వెళ్లడానికి నాకు మొహం చెల్లలేదు.

ఏడెనిమిది నెలల తర్వాత పై నుంచి ఉత్తరం వచ్చింది. ఆ నాలుగు 'వైఫల్యాల' గురించే అన్నీ ప్రశ్నలు. పిన్ను ఎంత దెబ్బకు తెగింది, నావ ఎలా ఒడ్డుకు చేరింది, తెడ్లు ఎవరు అందుకున్నారు? జవాబులు రాస్తున్నప్పుడు గాని నాకు అర్థం కాలేదు, ఆ నాలుగుసార్లూ మా నావ సరిగ్గానే పనిచేసిందని. ట్రయల్ మళ్లీ పెట్టమన్నారు. ఈసారి ఇత్తడి పిన్ను. మేకుల బదులు నావ అడుగు చట్రం దాకా పోయే బోల్టులు. పిడి చేయి జారితే ఇంజను ఆగిపోయేలా ఒక తాడు. తెడ్లు ఎప్పుడూ చేతికి అందేచోట.

పోలయ్య కాలు కాస్త పొట్టిదై అతికింది. కెరటాల్లో నిలబడి నావ తోయలేడు, కానీ కూర్చుని ఇంజను నడపగలడు. తనే నడుపుతానన్నాడు. బయల్దేరే ముందు ముత్యాలమ్మ నా ఎదురుగా వచ్చి చేయి చాచింది.

"ఆ ఇత్తడి పిన్ను ఒకటి ఇలాగియ్యి."

ఇచ్చాను. నావలోని లంగరు రాయికి తాడు కట్టే చిల్లులో దాన్ని సగం దాకా దూర్చి, బయట ఉన్న కొస మీద సుత్తితో ఒక్కటేసింది. పిన్ను రెండు ముక్కలైంది. ముక్కలు నా చేతిలో పోసి మొగుడివైపు తిరిగింది.

"ఇరిగింది. ఇంక ఎళ్లు."

ఆ రోజు మేట దగ్గర పిన్ను తెగింది. మావాళ్లు తెడ్లేసుకుంటూ ఒడ్డుకు వచ్చారు. పోలయ్య నవ్వుతూ నావలోనే కూర్చుని ఉన్నాడు.

తర్వాత ముప్పై ఏళ్లపాటు నావలకూ లాంచీలకూ ఎన్నో ఇంజన్లు పరీక్షించాను. ప్రతి ట్రయల్ పుస్తకం మొదటి పేజీలో, ఇంజను శక్తి కంటే ముందు, దాని పక్కన కూర్చోబోయే మనిషి పేరు రాసేవాణ్ణి. అతనికి ఏదైనా అనుమానం ఉందా అని అడిగి, చెప్పింది చెప్పినట్టు దాని కిందే రాసేవాణ్ణి. దానికి జవాబు దొరకని రోజు ఇంజను తిప్పలేదు.