పాత బల్బు వెలుతురులో బస్వరాజు కన్ను

1984. జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కనున్న చిన్న కంటి దవాఖానలో అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. డాక్టరు గారు వారానికోసారి హైదరాబాదు నుంచి వచ్చేవారు. కంట్లో చుక్కలు వేసి కంటిపాపను పెద్దది చేయడం, ఆఫ్తాల్మోస్కోప్ సిద్ధంగా ఉంచడం నా పని. కంట్లోకి వెలుతురు పంపి వెనకనున్న నరం మొదలును, అంటే ఆప్టిక్ డిస్క్‌ను, చూసే పరికరం అది. డిస్క్ గులాబీ రంగులో ఉంటే నరం బాగున్నట్టు, తెల్లబడితే ఎండిపోయినట్టు.

మాకున్నది పాత టంగ్‌స్టన్ బల్బు. చెరుకు పొలాల్లో మోటార్లు నడిచే వేళ వోల్టేజి పడిపోయి అది పసుపుగా మసకబారి ఏడుపు మొహం పెట్టేది. ఆ పసుపు వెలుతురులో తెల్లని నరం కూడా గులాబీగానే కనబడగలదు. ఆ సంగతి మాకు తెలుసు. వేరే బల్బు మాత్రం దొరకలేదు.

న్యాల్‌కల్ నుంచి బస్వరాజు అనే లారీ డ్రైవరు వచ్చాడు. నలభై దాటలేదు, రెండు కళ్ళూ మసకబారాయి. డాక్టరు గారు చూసి, నరం రంగు బాగానే ఉందని మాత్రలు రాశారు.

"ఇగ ఫికర్ లేదు గద సారూ? మల్ల బండెక్కుతడు గద?" అని అడిగింది అతని భార్య నీలమ్మ.

ఆశ పెట్టుకోమన్నారు డాక్టరు గారు.

మరుసటి నెలలో హాలోజన్ బల్బు వచ్చింది. తెల్లని, నిలకడైన వెలుతురు. సంబరంగా బిగించాను. మళ్ళీ చూపించుకోవడానికి భార్యతో వచ్చి ముందుగా కూర్చున్నది బస్వరాజే. డాక్టరు గారు రెండు కళ్ళూ చూసి, నన్ను కూడా చూడమన్నారు. అంత తేటగా ఏ కన్నూ నాకు అంతకుముందు కనబడలేదు. సన్నని రక్తనాళాలు కూడా తెలుస్తున్నాయి. వాటి మధ్య డిస్క్ సున్నం పూసినట్టు తెల్లగా ఉంది.

"పోయినసారి గూడ ఇట్లనే ఉండుంటది. మనకే కనబడలేదు. ఎండిన నరానికి మందు లేదు, బస్వరాజూ" అన్నారు డాక్టరు గారు.

 బస్వరాజు నా వైపు తిరిగాడు.

"సారూ, గా పాత లైటుల మంచిగనే కనబడ్డది గద. జర గదే పెట్టి సూడున్రి."

 డాక్టరు గారు కాదనలేదు. పాత బల్బు బిగించి చూశాను. నరం మళ్ళీ గులాబీ రంగులో నవనవలాడుతోంది.

"ఎట్లున్నది సారూ?" అంది నీలమ్మ.

"అది లైటు రంగు నీలమ్మా, నరం రంగు గాదు" అన్నాను. ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో నాకే తెలియదు.

"గట్లనా" అని బస్వరాజు లేచి, భార్య భుజం పట్టుకుని బయటికి నడిచాడు.

ఆ తర్వాత ఎవరి కంటి గురించి విన్నా, ఏ వెలుతురులో చూశారని ముందు అడగడం అలవాటైంది. వెలుతురు మంచిదైతే జబ్బు తేటగా కనబడుతుంది. మేము నేర్చుకున్నది అంతే. బస్వరాజుకు కావలసింది లారీ స్టీరింగు; దాన్ని ఏ బల్బూ తెచ్చివ్వలేదు.