నోట్లో గుండుసూదులు

టైలరమ్మ నోట్లో ఎప్పుడూ నాలుగు గుండుసూదులుంటాయి. ఎవరు పలకరించినా "ఊఁ" అని ఊరుకుంటుంది. భర్త పోయిన ఈ మూడేళ్లూ ఆ సూదులే ఆవిడ నోటికి తాళం. ఒకప్పుడు చర్చిలో ఆవిడ పాట అందుకుంటే వెనక బెంచీలో కునికే ముసలాయన కూడా ఉలిక్కిపడి లేచేవాడు. ఇప్పుడేమో క్రిస్మస్ నాటకానికి పిల్లల బట్టలన్నీ ఒంటిచేత్తో కుట్టి, చర్చి గుమ్మంలోనే ఇచ్చి వెనక్కి తిరుగుతుంది. దేవుడితో మాటల్లేవు గానీ, ఆయన పని మాత్రం ఎగ్గొట్టదు మహాతల్లి!

ఈసారి దేవదూత వేషం వేసిన మనవరాలు ఏడుపుమొహంతో గుమ్మం దాకా పరిగెత్తుకొచ్చింది. "అమ్మమ్మా, రెక్కలు పొట్టమీద కుట్టావేంటి? నేను వెనక్కి ఎగరాలా?" ఇంకేం చేస్తుంది టైలరమ్మ, గబగబా లోపలికెళ్లి, బాలయేసు బొమ్మ పడుకోబెట్టిన తొట్టి పక్కనే మోకాళ్లమీద కూర్చుని, రెక్కలు విప్పి వీపుకి కుట్టసాగింది. అంతలో పిల్లలు పాట మొదలెట్టి, రెండో చరణం మరిచిపోయి బిక్కమొహాలేశారు.

"నీకొచ్చుగా అమ్మమ్మా, అందుకో!"

ఆవిడ చెయ్యి ఆగింది. మూడేళ్లకి మళ్లీ ఆ తొట్టి ముందు మోకాళ్లమీద ఉన్నానని అప్పుడు తట్టింది. అదీ వెనక్కి ఎగిరే దేవదూత పుణ్యాన! ఫక్కున నవ్వొచ్చింది. సూదులు ఒక్కొక్కటే తీసి కొంగుకి గుచ్చుకుని, గొంతెత్తింది.

వెనక బెంచీ ముసలాయన ఉలిక్కిపడి లేచాడు.