తలకిందులుగా కనిపించిన తోటికోడలు

మా తోటికోడలి మీద నా కోపం ఒక కాగితంతో మొదలైంది. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో చీరల కింద ఉంది. దాని మూల మీద ఎవరిదో మడమ గుర్తు ఉంటుంది.

నరసరావుపేటలో మాది రెండంతస్తుల ఇల్లు. కింద మా మరిది కుటుంబం, పైన మేము. తోటికోడలు నాకంటే పన్నెండేళ్లు చిన్నది, బీకాం చదివింది. నేను శావల్యాపురం దగ్గర పల్లెలో పుట్టి, బడి ముఖం చూడకుండా మిరప చేలల్లో పెరిగాను. మోకాళ్లు పట్టేస్తున్నాయని నేను మూలుగుతుంటే ఆమే నన్ను యోగా క్లాసుకు తీసుకెళ్లింది. ఆ మాట దాచను.

కల్యాణ మండపం మేడ మీద హాల్లో పొద్దున ఐదున్నరకు క్లాసు. మైసూరులో నేర్చుకుని వచ్చిన మేడం అక్కడ అష్టాంగ యోగా చెబుతుంది. అందులో ఆసనాలకు ఒక వరస ఉంది. ఎవరి కోసమూ ఆ వరస మారదు. దాన్ని నేర్పడానికి మేడం రెండు రకాల క్లాసులు పెట్టింది. ఒకటి లెడ్ క్లాసు. ఆమె ముందు నిలబడి "ఏకం, ద్వే, త్రీణి" అని లెక్క పెడుతుంటే అందరూ ఒక్కసారే చేతులు లేపాలి, ఒక్కసారే వంగాలి. రెండోది ఎవరికి వారు చేసుకునే క్లాసు. అందులో లెక్క లేదు, మాట లేదు. వరస గుర్తు పెట్టుకుని ఎవరి ఊపిరికి తగ్గట్టు వాళ్లు చేసుకుపోతారు. మేడం మధ్యలో తిరుగుతూ దిద్దుతుంది. మరిచిపోయిన చోట ఆగిపోవాలి. ఆ రోజుకు అంతే.

లెడ్ క్లాసు నాకు కొత్తగా అనిపించలేదు. కలుపు తీసేటప్పుడు మునుం పట్టినట్టే ఉంటుంది అది. ఆడవాళ్లమంతా తలా ఒక సాలు పట్టుకుని వరసగా వంగుతాం. ముందు పోయే మనిషి ఎంత వేగం పోతే మిగతా వాళ్లూ అంతే పోవాలి. మునుంలో ఒక కట్టుబాటు ఉంది. పక్క సాలు మనిషి వెనకబడితే, నోరెత్తకుండా ఆమె సాలులో కలుపు కొంత మనం పీకేయాలి. ఎవరూ గమనించక ముందే ఆమెను వరసలోకి తెచ్చేయాలి. అందుకే తోటికోడలి వెనక చాప పరుచుకుని ఆమెను చూసి చేయడం నాకు తప్పనిపించలేదు. నా సాలు ఆమె అందుకుంటోంది అనుకున్నాను.

ఏడాది గడిచాక ఒక శుక్రవారం మేడం వరసంతా తెలుగులో అచ్చు వేసిన కాగితాలు తెచ్చింది. సొంతంగా చేసుకునే క్లాసుకు రావాలనుకునే వాళ్లు తీసుకోండి అంది. లెడ్ క్లాసు లెక్కకు నా మోకాళ్లు అందేవి కావు. ఎవరికి వారు చేసుకునే చోటైతే ఒక్కో వంపులో నాకు కావలసినంత సేపు ఉండొచ్చని ఆశపడ్డాను. చెయ్యి చాపాను. కాగితం చేతిలో పడింది.

తోటికోడలు వెనక్కి తిరిగి దాన్ని నా వేళ్ల మధ్య నుంచి లాగి పక్కామెకు ఇచ్చింది.

"మా అక్కకి అక్షరాలు రావు మేడం. ఈమెకిస్తే దండగ. నన్ను చూసి చేసుకుంటదిలే."

"చూసి చేసుకోటానికి టిక్కెట్టు పెట్టు మరి!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది. మేడం నవ్వలేదు. "పర్వాలేదమ్మా, మీకు లెడ్ క్లాసే సులువు" అంది. ఆ నవ్వుల కంటే అది ఎక్కువ తగిలింది.

అందరూ వెళ్లాక నేల మీద ఎవరో జారవిడిచిన కాగితం కనిపించింది. తీసి, మడిచి, జాకెట్లో పెట్టుకున్నాను. మెట్లు దిగుతూ ఒట్టు పెట్టుకున్నాను. దీన్ని చదవాలి. ఆ క్లాసులో చోటు తెచ్చుకోవాలి. అదే హాల్లో, అదే జనం ముందు, ఆమె మాట ఆమెకే అప్పజెప్పాలి.

మా ఎదురింట్లో రిటైరైన టీచరు ఉంది. పిన్నీ అని పిలుస్తాను. యాభై మూడేళ్ల వయసులో పలక పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. అ ఆలు దిద్దమంది. నేను కాగితం విప్పి మధ్యలో ఒక చోట వేలు పెట్టాను.

"ముందు ఇది చెప్పు పిన్నీ."

ఆమె కళ్లజోడు సర్దుకుంది. "ఉత్థిత పార్శ్వకోణాసనం అంట. ఇదేందే తల్లీ, నాకే నోరు తిరగట్లా! అన్నీ ఒత్తులే. నడక రాకుండానే కొండెక్కుతానంటావేంది?"

"ఎక్కాలి పిన్నీ."

"ఏం మునిగిపోయిందని?"

"ఒకామె కింద నిలబడి నవ్వతా ఉంది."

పిన్ని సరేనంది. అయినా అ ఆల దగ్గరే మొదలుపెట్టించింది. రెండు మిరప పంటలు చేతికొచ్చేంత కాలం పట్టింది. పొద్దున లెడ్ క్లాసులో తోటికోడలి వెనకే వంగేదాన్ని. ఆమె వీపు చూస్తూనే తర్వాత రాబోయే ఆసనం పేరు మనసులో చదువుకునేదాన్ని. నేను చదువుకుంటున్నట్టు ఆమెకు చెప్పలేదు.

ఒక రోజు మేడం ముందు కాగితం చదివి, మడిచి పక్కన పెట్టి, వరస సగంలో వచ్చే నావాసనం దాకా చూడకుండా చెప్పాను. "సోమవారం నుంచి రెండో క్లాసుకు రండి" అంది.

తోటికోడలికి అది మింగుడు పడలేదు. వారం తిరక్కుండా తనూ ఆ క్లాసుకు వచ్చింది. ఏళ్ల తరబడి లెడ్ క్లాసు ముందు వరసలో చేసిన తనకు కాగితం దేనికనుకుంది. మేడం కూడా ఆమెను వరస చెప్పమని అడగలేదు. నా ఎడమ పక్కన, కాస్త వెనగ్గా చాప వేసింది.

ప్రసారిత పాదోత్తానాసనం అని ఒకటుంది. చాప మీద పక్కకు తిరిగి, కాళ్లు బాగా ఎడం పెట్టి, తల నేలకు తాకేలా ముందుకు వంగుతాం. చూపు ముక్కు మీద ఉండాలి. నా చూపు ముక్కు మీద నిలబడలేదు. కాళ్ల మధ్య నుంచి తోటికోడలి ముఖం తలకిందులుగా కనిపించింది. రెండు కళ్లూ నా మీదే ఉన్నాయి. నేను చెయ్యి కదిలిస్తే ఆమె కదిలిస్తోంది. ఇన్నేళ్లూ ఆమెను నడిపించింది మేడం లెక్క అని నాకప్పుడు అర్థమైంది. లెక్క ఆగిపోతే ఆమెకు తర్వాతిది ఏమిటో తెలియదు.

మూడు రోజులు అలాగే గమనించాను. నాలుగో రోజు ప్రసారిత వదిలేశాను. దాని తర్వాత రావలసిన ఆసనానికి వెళ్లిపోయి, వీపు వెనక చేతులు జోడించాను. ఓరకంట చూస్తే ఆమె కూడా జోడించింది. మునుం కట్టుబాటు గుర్తు రాలేదని చెప్పను, గుర్తొచ్చింది. ఆమె వెనకబడిందని అందరికంటే ముందు తెలిసింది నాకే. ఆమె సాలు అందుకోవలసినదాన్ని, ఆమెనే దారి తప్పించాను.

మేడం మొదట తోటికోడలి దగ్గరే ఆగింది. "ఇది ఇప్పుడా? దీనికి ముందు ఏముంది?"

తోటికోడలు నా వైపు వేలు చూపించింది. "అక్క చేస్తంది గదా మేడం" అంది.

మేడం నా వైపు తిరిగి వరస చెప్పమంది. నిలబడ్డ చోటే, మొదటి సూర్య నమస్కారం నుంచి నావాసనం దాకా ఒక్క పేరు జారకుండా చెప్పాను.

"ఇంత వచ్చి ఇందాక ఎందుకు తప్పారు?"

"ఇవాళ మనసు మనసులో లేదు మేడం" అని అబద్ధమాడాను. తర్వాత తోటికోడలి వైపు తిరిగి, రెండేళ్లుగా దాచుకున్న మాట బయటికి తీశాను.

"అక్షరాలు రానిదాన్ని చూసి చేస్తావేందే? దండగ గదా!"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆనాడు టిక్కెట్టు పెట్టమన్న గొంతే అనుకున్నాను. కాకపోయినా అలాగే అనుకోవడం నాకు ఇష్టం.

మేడం ఆమెను మళ్లీ లెడ్ క్లాసుకు పంపింది. వరస తప్పినందుకు నన్ను మొదటి నుంచి చేయమంది. పది నమస్కారాలూ మళ్లీ చేశాను. మోకాళ్లు మండాయి. అంత తీపిగా అవి ఎప్పుడూ మండలేదు.

పదకొండు రోజులు తోటికోడలు పైకి మా ఇంటికి రాలేదు. పన్నెండో రోజు సాయంత్రం మెట్లెక్కి వచ్చి మా గుమ్మంలో నిలబడింది.

"అక్కా, ఆ కాగితం ఇయ్యి. మేడంని అడగాలంటే తల కొట్టేసినట్టుంది."

"అది ఇయ్యను."

లోపలికి వెళ్లి, నేను చేత్తో రాసుకున్న కాగితం తెచ్చి ఇచ్చాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది నావాసనం దాకానే ఉందేందక్కా?"

"నేను నేర్చింది అంతవరకే."

"మరి మిగతాది?"

"నేను నేర్చినాక."

"చానా వంకరగా ఉంది. ఇది ఏం అక్షరమక్కా?"

"చదువుకోవే. బీకాం గదా."

ఆమె దిగిపోతుందనుకున్నాను. మెట్ల మీద కూర్చుని, నేను మొదట్లో చేసినట్టే, అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ పైకి చదవడం మొదలుపెట్టింది. తలుపు పక్కన నిలబడి విన్నాను. మూడో పేరు తప్పు చదివింది. నేను దిద్దలేదు.