అనిత వాళ్ళ నాన్న

ఖతర్‌లోని మెసయీద్ క్యాంపులో మా కంపెనీ బస్సు నడిపే పెద్దన్నంటే నాకు మొదట్లో ఒళ్ళు మండేది. అంతా ఆ తాడు వల్లే. నేను మెస్‌లో వంటవాణ్ణి, పేరు ముజఫ్ఫర్ అలీ, మాది జగిత్యాల. నేను అన్నం వడ్డించే బల్ల వెనక గోడకు, ఈ మూల నుంచి ఆ మూల దాకా పెద్దన్న ఒక తాడు కట్టాడు. ఎవరూ తీసుకోని ఉత్తరాలన్నీ బట్టల క్లిప్పులతో దానికి వేలాడేవి. సాంబారు ఆవిరికి కవర్లు మెత్తబడితే ఆ తప్పూ నాదే!

"గిన్నె అట్ల జరుపుకో బాయ్. ఉత్తరాలు తడుస్తాండాయి" అనేవాడు.

"ఇది మెస్సా, పోస్టాఫీసా? గా తాడు దీసెయ్ ముందుగల" అనేవాణ్ణి నేను. తీస్తాడా? ఇంకో నాలుగు క్లిప్పులు తెచ్చేవాడు.

ఖతర్‌లో ఉత్తరం గుమ్మం దాకా రాదు. కంపెనీ మొత్తానికి దోహాలో ఒకటే పోస్టు బాక్సు. గురువారం పెద్దన్న బస్సేసుకుని వెళ్ళి సంచి నింపుకొచ్చేవాడు. శుక్రవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర స్టూలెక్కి, తన రాయచోటి గొంతుతో ఒక్కో పేరే పిలిచేవాడు. కొన్నిటికి ఎవరూ పలికేవారు కాదు. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, పాస్‌పోర్టులో పేరు ఇంకొకటి అయినవాళ్ళవి కొన్ని, వీసా అయిపోయి వెళ్ళిపోయినవాళ్ళవి కొన్ని. నెల దాటాక వాటిని తిరిగి పోస్టాఫీసులో ఇచ్చేయాలని ఆఫీసు క్లర్కు రూలు.

పెద్దన్నకు ఆ రూలంటే మహా చిరాకు. "అంత దూరం నుంచి మనల్ని ఎతుక్కుంటా వచ్చినదాన్ని వాకిట్లోంచే పొమ్మంటామా?" అని కవరు చొక్కా జేబులో పెట్టుకుని ఊళ్ళు తిరిగేవాడు. బిర్కత్ అల్ అవామిర్ వైపు డ్యూటీ పడితే అక్కడి క్యాంపుల్లో అడిగేవాడు. రాస్ లఫాన్‌కు మారిపోయిన ఒకడి ఉత్తరాన్ని అక్కడి బస్సు డ్రైవరు చేతికిచ్చి మరీ చేరవేశాడు. ఒక్కటి మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు. పరాయివాళ్ళ కవరు చింపలేదు.

తొంభై అయిదు ఎండాకాలంలో వచ్చింది ఆ వింత కవరు. బాక్సు నంబరు, దోహా, ఖతర్ ఇంగ్లీషులో ఉన్నాయి, బొమ్మ గీసినంత జాగ్రత్తగా. పైన పేరుండాల్సిన చోట ఇడ్లీలంత తెలుగు అక్షరాలతో 'అనిత వాళ్ళ నాన్నకు' అని ఉంది. పంపినవాళ్ళ చిరునామా లేదు. ఊరి ముద్ర చెమటకో సిరాకో అలుక్కుపోయింది.

"అనిత వాళ్ళ నాన్నా!" అని పెద్దన్న పిలవగానే మెస్ గొల్లుమంది. స్టోర్ కీపరు సుధాకరరావు గబగబా వచ్చాడు, అతని కూతురి పేరూ అనితే. కవరు చూసి పెదవి విరిచాడు. "మా ఆవిడ టీచరండీ. ఈ రాత మాది కాదు" అని తిరిగిచ్చేశాడు.

తరవాత శుక్రవారాలన్నీ అదే పిలుపు. ఎవరూ పలకరు. క్యాంపు కుర్రాళ్ళు మాత్రం ఎవడు మూతి ముడిచినా 'ఏం అనిత వాళ్ళ నాన్నా, అన్నం పెట్టమంటావా' అని ఆటపట్టించేవాళ్ళు. చివరికి క్లర్కు కన్ను దాని మీద పడింది. వచ్చే గురువారం తిరిగి వెళ్ళిపోవాల్సిందేనన్నాడు. పేరూ లేదు, పంపినవాళ్ళ ఊరూ లేదు. పోస్టాఫీసుకు వెళ్ళాక అది ఇక ఎవరికీ దక్కదని మాకు తెలుసు. పెద్దన్న ఆ రోజు నాతో పోట్లాడను కూడా లేదు. నిజం చెప్పాలంటే నాకది అస్సలు నచ్చలేదు.

మా క్యాంపులోనే హరి అని అమలాపురం వైపు కుర్రాడు ఉండేవాడు, వెల్డరు. భార్య శివకుమారికి చదువు రాదు. పక్కింటి పంతులుగారు ఉత్తరాలు రాసిపెట్టేవారు, వీడి ఉత్తరాలు చదివిపెట్టేవారు. మొగుడూ పెళ్ళాల మాటలు వీధంతా పాకాయని తెలిసి, ఇక ఆయనతో రాయించావో జాగ్రత్త అని హరి మండిపడి రాశాడు. అంతే, ఆమె నుంచి ఉత్తరం ఆగిపోయింది. కోపమొచ్చి మానేసిందని వీడూ బిగుసుకున్నాడు, రాయడం మానేశాడు. శుక్రవారం నా తాడుకు వీపు పెట్టి, తలెత్తకుండా తినేవాడు.

సరిగ్గా అప్పుడే వాడి సెలవు వంతు వచ్చింది. వద్దంటే టికెట్టు ఇంకొకరికి పోతుంది, మళ్ళీ రెండేళ్ళు ఆగాలి. పెద్దన్న ఆఫీసు ఇచ్చిన సెలవు కాగితం పట్టుకుని మెస్‌లోకి వచ్చాడు.

"వెళ్ళను బాబాయ్. ఒక్క ముక్క రాయనిదాని దగ్గరికి నేనేం మొహం పెట్టుకుని వెళ్ళాలి చెప్పండి?"

"కూతురుండాది గదప్పా. బుజ్జమ్మ మొగం చూడాలనిపించదా?"

ఆ మాటకు హరి కళ్ళు నిండాయి. అయినా మొండివాడు, సెలవు వద్దని సంతకం పెట్టేశాడు. అలవాటుగా సంతకం కింద రెండు గీతలు గీసి, గీతల కింద మూడు చుక్కలు పెట్టాడు.

పెద్దన్న ఆ చుక్కల వంక చూస్తూ ఉండిపోయాడు. ఒక్కసారిగా బల్ల చుట్టూ వచ్చి, నా గరిటె కింద పడేసి, తాడు మీది కవరు లాగాడు. చిరునామాలో ఖతర్ అన్న మాట కింద కూడా రెండు గీతలు, మూడు చుక్కలు!

"ఉత్తరాల ఎనక నీ అడ్రసు రాసినప్పుడు గూడా ఇట్నే పెడ్తావా?"

"ఆ... ఎప్పుడూ అంతే. కానీ మా ఆవిడకి రాయడం రాదండి. అనిత ఎవరు? మా పాప పేరు బుజ్జమ్మ."

"ఎవరో నీ అడ్రసు చూసి చుక్కలతో సహా దించినారు. చింపి చూడు సామీ!"

హరి చింపాడు. కూడబలుక్కుంటూ, ఎక్కడున్నాడో మరిచిపోయి, పైకే చదివాడు. 'పంతులుగారితో రాయించొద్దన్నారుగా. రాత్రి బడికెళ్ళి నేర్చుకున్నాను. ఇక మన మాటలు మనిద్దరికే. బుజ్జమ్మని బళ్ళో వేశాను. అనిత అని రాయించాను. పేరు మీకు నచ్చిందా? ఎప్పుడొస్తారు?'

మనిద్దరికేనట! మెస్‌లో ఉన్నవాళ్ళంతా విన్నారు.

"పైన హరి అని రాస్తే సరిపోయేది కదండీ!" అన్నాడు సుధాకరరావు.

"మంచిగున్నది! మొగని పేరు ఎట్ల రాస్తది సార్? నోటితోనే అనది" అని నేను కసిరాను. కసిరానే గాని, కొంగు లేదు కాబట్టి నా తువాలుతో కళ్ళు తుడుచుకున్నాను.

పెద్దన్న సెలవు వద్దన్న కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి నా పొయ్యిలో వేశాడు. వేస్తే వేశాడు, ఆ ఒక్కరోజుకు పోనీలెమ్మనుకున్నాను. సాంబారు గిన్నె కూడా నేనే పక్కకు జరిపాను.

హరి ఉత్తరం మడిచాడు, మళ్ళీ విప్పాడు, మళ్ళీ మడిచాడు. ఇన్ని వారాలుగా తన వీపు వెనకే వేలాడిన కవరును చెంపకు ఆనించుకున్నాడు.

"బాబాయ్, ఒక్కసారి పిలవరా?"

పెద్దన్న స్టూలెక్కాడు. గొంతు సవరించుకుని, మెస్ అదిరిపోయేలా పిలిచాడు.

"అనిత వాళ్ళ నాన్నా!"

"ఇక్కడున్నానండీ!" అని హరి చెయ్యెత్తాడు.